దవడకు ప్లేటు వేయించుకునే ముందు, ఆ తర్వాత ఆరు వారాలు

కింది దవడకు వేసే టైటానియం ప్లేటు ఎముకను అతికించదు. విరిగిన ముక్కల్ని కదలకుండా పట్టుకుంటుందంతే. అతుక్కోవడం ఎముక పని, దానికి ఆరు వారాలు కావాలి. ఈ సంగతి తెలియకే "ప్లేటు పడిందిగా" అని రెండో వారంలో మటన్ ముక్క నమిలి, స్క్రూలు వదులు చేసుకుని మళ్ళీ ఆసుపత్రికి వస్తుంటారు.

ముందు ప్రమాదం జరిగిన రోజు సంగతి. స్పృహ తప్పినా, వాంతులైనా, ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీరులా కారినా దవడను పక్కనబెట్టి 108లో గుంటూరు జీజీహెచ్‌కో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) విజయవాడ జీజీహెచ్‌కో వెళ్ళి తలకు సీటీ స్కాన్ తీయించాలి. ఆ తర్వాతే దవడ కోసం డెంటల్ కాలేజీ. గడ్డం దగ్గర రెండు వైపులా విరిగితే నాలుకకు ముందువైపు పట్టు పోయి వెనక్కి జారి ఊపిరికి అడ్డం పడుతుంది. అలాంటి మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకండి. మెడకు దెబ్బ లేకపోతే ముందుకు వంచి కూర్చోబెట్టండి, ఉందేమోనన్న అనుమానం ఉంటే మెడ కదలకుండా ఒక పక్కకు తిప్పండి. ఊడిన పళ్ళు లెక్కపెట్టుకోండి. ఒకటి దొరక్కపోతే ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో ఛాతీ ఎక్స్‌రేలో చూడాల్సి ఉంటుంది.

గడ్డం పగిలితే కుట్లు వేసి ఇంటికి పంపేయడం మామూలే. కానీ ఆ దెబ్బ పైకి పాకి చెవి ముందున్న దవడ కీలు దగ్గర ఎముకను విరగ్గొట్టి ఉండొచ్చు. పళ్ళు మునుపటిలా కలవకపోయినా, నాలుక కింద నీలంగా కమిలినా ఓపీజీ (దవడ మొత్తాన్ని ఒకే ఫిల్మ్‌లో చూపే ఎక్స్‌రే) ఒక్కటే చాలదు. ఎదురుగా తీసే పీఏ ఎక్స్‌రే, లేదంటే సీటీ అడగండి. (టోపీ లాంటి సగం హెల్మెట్ గడ్డాన్ని కాపాడదు. పోలీసుల కోసం పెట్టుకునేదాని కంటే గడ్డం దాకా మూసేదే కొనండి.)

ఆపరేషన్‌కు ముందు ఒక పని తప్పనిసరి: కింది పెదవి మొద్దుబారిందో లేదో పరీక్షించి కేస్ షీట్‌లో రాయించండి. పెదవికి స్పర్శనిచ్చే నరం దవడ ఎముక లోపలే పోతుంది కాబట్టి ఎముక విరిగినప్పుడే అది దెబ్బతినొచ్చు. రాయించకపోతే తర్వాత తప్పు ఆపరేషన్ మీదికి పోతుంది.

మత్తు గొట్టం సాధారణంగా ముక్కులోంచి వేస్తారు, నోరు మూసి పళ్ళు కలిశాయో లేదో చూసుకుంటూ ప్లేటు బిగించాలి కాబట్టి. ముక్కు దూలం వంకరైనా, పాత ముక్కు ఆపరేషన్ ఉన్నా మత్తు డాక్టర్‌కు చెప్పండి. అన్నం, పాలు ఆరు గంటల ముందే ఆపాలి, మంచినీళ్ళు రెండు గంటల ముందు. గుండెకు స్టెంట్ ఉండి రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే సొంతంగా ఆపొద్దు, చెప్పండి. షుగర్ అదుపులో లేకపోతే చీము పట్టే ముప్పు ఎక్కువ. ఖైనీ, బీడీ దెబ్బ తగిలిన రోజు నుంచే బంద్.

మామూలుగా వాడేవి 2 మి.మీ. స్క్రూల చిన్న ప్లేట్లు, స్క్రూల పొడవు 6 లేదా 8 మి.మీ. జ్ఞానదంతం దగ్గర విరిగితే పై అంచున ఒక ప్లేటు చాలాసార్లు సరిపోతుంది, నమిలేటప్పుడు విచ్చుకునేది ఆ అంచే. గడ్డం దగ్గర ఎముక మెలి తిరుగుతుంది కాబట్టి ఒకదాని కింద ఒకటి రెండు వేస్తారు. పక్కింటాయనకు ఒకటే వేశారని మీరు కంగారుపడక్కర్లేదు.

ఇంటికొచ్చాక మొదటి రెండు వారాలు జావలే: రాగి జావ, పప్పుకట్టు, మజ్జిగ, మిక్సీ వేసిన పెరుగన్నం. తాలింపులో ఆవాలు, టమాటా గింజలు కుట్లలో ఇరుక్కుంటాయి, వడగట్టండి. గుంటూరు కారం ఎముకను ఏమీ చేయదు గానీ, ఆ మంటకు భయపడి పళ్ళు తోమడం మానేస్తారు. అసలు చేటు అక్కడే. మెత్తటి బ్రష్‌తో తోమి, అరగంట ఆగి, క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ 10 మి.లీ. అర నిమిషం పుక్కిలించండి, రోజుకు రెండుసార్లు.

పై, కింది పళ్ళను తీగలతో కట్టి పంపితే తీగ కత్తిరించే కటింగ్ ప్లయర్ మంచం పక్కనే ఉండాలి. వాంతి వస్తే ఏ తీగ కత్తిరించాలో డిశ్చార్జికి ముందే ఇంట్లో ఒకరికి చూపించమని అడగండి. కీలు విరిగినవాళ్ళు నోరు తెరిచే వ్యాయామం చెప్పిన రోజు నుంచి మానకూడదు, మానితే కీలు బిగుసుకుపోతుంది.

వాపు రెండు మూడు రోజుల దాకా పెరిగి తగ్గుతుంది. ఆ తర్వాత కూడా పెరుగుతున్నా, చీము వచ్చినా, నిన్న కలిసిన పళ్ళు ఈరోజు కలవకపోయినా అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకండి. మింగడం, ఊపిరి కష్టమైతే అర్ధరాత్రైనా క్యాజువాలిటీకే. ఆరో వారంలో డాక్టర్ దవడను చేత్తో కదిపి చూసి సరేనన్నాక మామూలు అన్నం మొదలుపెట్టొచ్చు. చెగోడీలు, చెరకు మాత్రం ఇంకా కొన్నాళ్ళు ఆగాలి.