సూపర్‌మ్యాన్ తెర రూపాలను పోల్చి చూసే పద్ధతి

సూపర్‌మ్యాన్ 1941లో కార్టూన్ చిత్రంగా తొలిసారి వెండితెర మీదకు వచ్చాడు. అప్పటినుంచి 2025 దాకా అతడు తెరకు పూర్తిగా దూరమైన దశాబ్దం ఒక్కటీ లేదు. ఇన్ని రూపాలను ఒకచోట పెట్టి పోల్చాలనుకున్నవారు సాధారణంగా ‘వీరిలో ఎవరు బాగా చేశారు’ అనే ప్రశ్నతో మొదలుపెడతారు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబులో చూసినవారి వయసు తప్ప మరేమీ తెలియదు, ఎందుకంటే పదేళ్ల వయసులో ఎవరిని చూశామో ఆయనే మనకు చివరిదాకా అసలైన సూపర్‌మ్యాన్‌గా నిలిచిపోతాడు. అన్ని రూపాలలోనూ తప్పనిసరిగా వచ్చే ఒక ఘట్టాన్ని ఎంచుకుని, ఒక్కొక్క తరం దానిని ఎలా తీసిందో, అలా తీయడానికి కారణమేమిటో వరుసగా పరిశీలిస్తే పోలిక ఎంతో దూరం వెళ్తుంది. ఈ వ్యాసం ఆ పద్ధతిని వివరిస్తుంది.

సినిమాల జోలికి వెళ్లేముందు కామిక్ విషయం తేల్చుకోవాలి. ‘మూలానికి కట్టుబడి ఉన్నాడా’ అని అడగడం తేలికే గాని, ఏ మూలానికి అన్నది ముందుగా చెప్పాలి. జెర్రీ సీగెల్ రాసి జో షుస్టర్ బొమ్మలు గీసిన తొలి కథ 1938లో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో వచ్చింది. అందులోని సూపర్‌మ్యాన్‌కు ఎగరడం రాదు. మైలులో ఎనిమిదో వంతు దూరం దూకగలడు. భార్యను కొట్టే భర్తకు బుద్ధి చెబుతాడు, అవినీతికి పాల్పడే రాజకీయవర్గాన్ని హడలెత్తిస్తాడు. మనకు తెలిసిన సౌమ్యుడికీ అతడికీ పోలిక తక్కువ. 1986లో జాన్ బర్న్ ఆ కథను మళ్లీ మొదటినుంచి రాసినప్పుడు సూపర్‌మ్యాన్ మామూలు విలేకరిగా బతికేటప్పటి రూపమైన క్లార్క్ కెంట్‌నే అసలు మనిషిగా, సూపర్‌మ్యాన్‌ను అతడు వేసుకునే వేషంగా నిలబెట్టాడు. పెంచిన తల్లిదండ్రులను బతికించి ఉంచాడు. సూపర్‌మ్యాన్ ప్రధాన శత్రువు లెక్స్ లూథర్‌ను పెద్ద వ్యాపారిగా మార్చాడు. 1993లో మొదలైన ‘లోయిస్ అండ్ క్లార్క్’ టెలివిజన్ ధారావాహికను 1938 నాటి కథ పక్కన పెడితే దారి తప్పినట్టు కనిపిస్తుంది. 1986 నాటి కథ పక్కన పెడితే చాలా విశ్వాసంగా నడిచినట్టు తెలుస్తుంది. కనుక ఏ రూపాన్ని పరిశీలిస్తున్నా, అది తయారవుతున్న ఏళ్లలో ఏ కామిక్ చదువుతున్నారో ముందుగా గుర్తించి రాసుకోవాలి.

ప్రభావం కాగితం నుంచి తెరకు మాత్రమే ప్రవహించిందని అనుకోకూడదు. అతడి బలాన్ని హరించే క్రిప్టోనైట్ రాయి 1943లో రేడియో నాటకంలో పుట్టి, 1949లో గాని కామిక్ లోకి రాలేదు. పత్రికా సంపాదకుడు పెర్రీ వైట్ కూడా రేడియో ఇచ్చిన పాత్రే. ఛాతీ మీది గుర్తును అతడు పుట్టిన గ్రహం క్రిప్టాన్‌లోని ఒక వంశానికి చిహ్నంగా చూపింది 1978 సినిమా. తరవాతి కామిక్ రచయితలు దానిని స్వీకరించారు. ఇంకా విశేషమైన సంగతి ఒకటుంది. 1990ల ఆరంభంలో కామిక్ రచయితలు తోటి విలేకరి లోయిస్‌కూ క్లార్క్‌కూ పెళ్లి చేయాలనుకున్నారు. టెలివిజన్ ధారావాహిక రాబోతున్నందున ఆ పెళ్లిని వాయిదా వేయవలసి వచ్చింది, ఖాళీ అయిన ఆ చోటును నింపడానికి 1992లో సూపర్‌మ్యాన్ మరణ కథ రాశారు. చివరికి 1996లో పెళ్లి రెండుచోట్లా ఒకే కాలంలో జరిగింది. తెర మీది రూపాన్ని కామిక్ నీడగా మాత్రమే చూసేవారికి ఇటువంటి సంబంధాలు అందవు.

ఇక ఘట్టాల ఎంపిక. మూడు చాలు: అతడు ఎగరడం, అతడు క్లార్క్‌గా మారడం, పెంపుడు తండ్రి కథలో ఏమవుతాడన్నది. మొదటిది సాంకేతికతను, రెండోది నటనను, మూడోది ఆ కాలపు నీతిని బయటపెడతాయి.

ఎగిరే సన్నివేశాన్ని పరిశీలించేటప్పుడు ‘నిజంలా ఉందా’ అని అడగడం కన్నా ‘చేతిలో ఉన్న పరికరాలతో ఏమి సాధించారు’ అని అడగడం న్యాయం. 1941 నుంచి 1943 వరకు వచ్చిన పదిహేడు కార్టూన్లలో మొదటి తొమ్మిదింటిని ఫ్లైషర్ స్టూడియో తీసింది. అక్కడ దేహమూ ఆకాశమూ రెండూ గీసినవే కావడంతో అతుకు కనిపించదు. దూకేవాడు ఎగిరేవాడుగా స్థిరపడడంలో ఈ కార్టూన్లకూ ఆ కాలపు రేడియో నాటకానికీ పెద్ద పాత్ర ఉంది. 1948 నాటి పదిహేను భాగాల సీరియల్‌లో కర్క్ అలిన్ నేల విడవగానే బొమ్మగా మారిపోతాడు, దిగగానే మళ్లీ మనిషి అవుతాడు. ఇప్పటివారికి అది వింతగా ఉంటుంది గాని, తక్కువ ఖర్చుతో వారం వారం ఒక భాగం అందించవలసిన నిర్మాతకు అప్పట్లో దొరికిన మార్గాలలో అది ఒకటి. 1952 నుంచి 1958 వరకు నడిచిన టెలివిజన్ ధారావాహికలో జార్జ్ రీవ్స్ స్ప్రింగ్‌బోర్డ్ మీదనుంచి కిటికీ బయటికి దూకేవారు. గాలిలో ఎగిరే దృశ్యాలు కొన్నే ఉండేవి, వాటినే ఎపిసోడ్ తరవాత ఎపిసోడ్‌లో వాడుకున్నారు. ఇలా మళ్లీ మళ్లీ వచ్చే దృశ్యాన్ని లోపంగా లెక్కకట్టేముందు, ఆనాటి ప్రేక్షకులు వారానికి ఒక్కసారే చూసేవారని గుర్తుంచుకోవాలి.

1978లో రిచర్డ్ డానర్ తీసిన సినిమా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. జోరాన్ పెరిసిచ్ రూపొందించిన పద్ధతిలో కెమెరాకూ ప్రొజెక్టరుకూ జూమ్ కటకాలు అమర్చి రెండింటినీ ఒకే లెక్కన కదిలించారు. దానివల్ల వెనకున్న దృశ్యం పరిమాణం మారకుండానే ముందున్న నటుడు మన మీదికి దూసుకువచ్చినట్టు కనిపిస్తాడు. యంత్రం సగం పనే చేసింది, మిగిలిన సగాన్ని నటుడు క్రిస్టఫర్ రీవ్ చేశారు. మలుపు తిరిగేముందు భుజం వాల్చడం, దిగేముందు చూపును నేల మీద నిలపడం వంటివాటిని శబ్దం తగ్గించి రెండోసారి చూసినప్పుడు స్పష్టంగా పట్టుకోవచ్చు. 2013 నాటి ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’లో అతడు మొదట దూకుతాడు, పట్టు తప్పి కొండను ఢీకొంటాడు, ఆ తరవాతే ఎగరడం నేర్చుకుంటాడు. 1938 నుంచి 1941 దాకా జరిగిన మార్పు ఒక్క సన్నివేశంలో మళ్లీ జరిగినట్టుంటుంది. కెమెరా అతడిని అందుకోలేక వెతుకుతున్నట్టు ఊగడం కూడా గమనించాలి. 2025 సినిమాలో కెమెరా అతడి ముఖానికి చాలా దగ్గరగా, అతడితోపాటే ఎగురుతుంది. 1978లో మనం కింద నిలబడి చూసేవాళ్లం, 2013లో వెంటపడేవాళ్లం, 2025లో తోటి ప్రయాణికులం. ఇటువంటి వాక్యం ఒకటి రాయగలిగినప్పుడే ఆ ఘట్టం మీద పోలిక పూర్తయినట్టు.

క్లార్క్ సంగతికి వద్దాం. కళ్లజోడు పెట్టుకున్నంత మాత్రాన ఎవరూ గుర్తుపట్టరా అన్న పాత ఎగతాళిని పక్కన పెట్టి, ఆ తేడాను నటుడు దేనితో చూపించాడో వెతకాలి. రేడియోలోనూ తొలి కార్టూన్లలోనూ బడ్ కాలియర్‌కు గొంతు తప్ప మరో సాధనం లేదు. ఒకే వాక్యం మధ్యలో స్వరాన్ని కిందికి దించి మనిషినే మార్చేవారు. జార్జ్ రీవ్స్ క్లార్క్‌ను పిరికివాడిగా చూపలేదు. తెలివైన, ధైర్యం ఉన్న విలేకరిగానే ఉంచారు. క్రిస్టఫర్ రీవ్ దీనికి భిన్నంగా వెన్నెముకనే మార్చారు. లోయిస్ ఇంట్లో ఆమె పక్క గదిలోకి వెళ్లినప్పుడు అతడు కళ్లజోడు తీసి, నిటారుగా నిలబడి, నిజం చెప్పబోయి, మళ్లీ భుజాలు ముడుచుకుంటాడు. కెమెరా మాయ ఏదీ లేకుండా ఒకే నటుడు ఇద్దరుగా కనిపించే ఆ కొద్ది క్షణాలను మించిన పరివర్తన ఈ కథానాయకుడి తెర చరిత్రలో లేదని నా నిశ్చితాభిప్రాయం.

అయితే దానినే కొలబద్దగా తీసుకుని డీన్ కేన్‌ను కొలిస్తే అన్యాయం అవుతుంది. 1993 నాటి ధారావాహికలో క్లార్క్ సహజమైన మనిషి, జుట్టు వెనక్కి దువ్వి బిగుసుకుని నిలబడే సూపర్‌మ్యాన్ వేషధారి. అక్కడ నటనలోని శ్రమంతా రెండోవైపు ఉంటుంది. 2001 నుంచి పదేళ్లపాటు నడిచిన ‘స్మాల్‌విల్’లో టామ్ వెల్లింగ్‌కు వేషమే లేదు; దుస్తులూ వద్దు, ఎగరడమూ వద్దు అన్న నియమంతో ఆ ధారావాహిక మొదలైంది. 2013లో లోయిస్ అతడిని విలేకరిగా కలవకముందే నిజం తెలుసుకుంటుంది. 2025లో కథ మొదలయ్యేసరికే ఆమెకు తెలుసు, అందువల్ల ఆ సినిమాలోని దీర్ఘమైన ఇంటర్వ్యూ సన్నివేశం రహస్యం చుట్టూ తిరగక, అతడు చేసిన పని తప్పా ఒప్పా అన్న వాదన చుట్టూ తిరుగుతుంది. రహస్యం తగ్గిన కొద్దీ లోయిస్ పాత్రకు బలం పెరిగింది. ఈ సంగతి తెలియాలంటే ‘లోయిస్‌కు ఎప్పుడు తెలుస్తుంది’ అన్న ఒక్క ప్రశ్నను అన్ని రూపాలకూ వరుసగా వేస్తే చాలు.

తండ్రి ఘట్టం నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే శక్తికి హద్దు ఎక్కడన్న ప్రశ్నకు ప్రతి తరమూ ఇక్కడే జవాబు చెప్పింది. 1952 ధారావాహిక మొదటి ఎపిసోడ్‌లోనూ, 1978 సినిమాలోనూ పెంపుడు తండ్రి గుండెపోటుతో చనిపోతాడు. 1978లో ఆ మరణం క్లార్క్‌కు నేర్పేది స్పష్టం: ఎంత బలమున్నా ఆపలేనివి కొన్ని ఉంటాయి. అదే సినిమా చివర లోయిస్ చనిపోతే అతడు ఆ పాఠాన్ని ధిక్కరించి కాలాన్నే వెనక్కి తిప్పుతాడు, ఆ తిప్పుడుకు మూల్యం ఏమీ ఉండదు. 2006లో ప్రసారమైన ‘స్మాల్‌విల్’ నూరో ఎపిసోడ్‌ను దీని పక్కన పెట్టి చూడాలి. అక్కడ కూడా క్లార్క్ తాను ప్రేమించిన లానాను బతికించుకోవడానికి కాలాన్ని వెనక్కి తిప్పుతాడు. ఆమె ప్రాణానికి బదులుగా తండ్రి ప్రాణం పోతుంది. 1978 సినిమా విడివిడిగా ఉంచిన రెండు ఘట్టాలను ఈ ఎపిసోడ్ ఒకదానికొకటి ముడివేసి, లేని మూల్యాన్ని వసూలు చేసింది.

2013లో తండ్రి సుడిగాలిలో చనిపోతాడు. కొడుకు కాపాడగలడు, కానీ లోకం ఇంకా సిద్ధంగా లేదని నమ్మిన తండ్రి చెయ్యెత్తి వద్దంటాడు. ఈ సన్నివేశం చాలామందికి నచ్చలేదు, నాకూ పూర్తిగా సమ్మతం కాదు. అయినా దాని తర్కాన్ని ఆ సినిమాలోనే వెతకాలి తప్ప 1978లో కాదు. శక్తిమంతుడిని చూసి మనుషులు భయపడతారన్న ఆలోచన మీద ఆ సినిమా మొత్తం నడుస్తుంది. ‘లోయిస్ అండ్ క్లార్క్’లోనూ 2025 సినిమాలోనూ తండ్రి బతికే ఉంటాడు. ముఖ్యంగా 2025లో, కన్నతండ్రి జోర్-ఎల్ పంపిన సందేశం కొడుకును కలచివేసినప్పుడు, నువ్వేమిటన్నది నీ పనులే చెబుతాయని పెంచిన తండ్రి పక్కన కూర్చుని ధైర్యమిస్తాడు. 1978లో జోర్-ఎల్ మాట మార్గదర్శనం. 2025లో అదే మాట భారం. ఇద్దరు తండ్రులలో కథ ఎవరి పక్షాన నిలుస్తుందో గమనిస్తే, ఆ రూపం పుట్టుకకు ఎంత విలువిస్తుందో, పెంపకానికి ఎంత విలువిస్తుందో తెలిసిపోతుంది.

ఈ మూడింటికి తోడుగా నగర విధ్వంసాన్ని కూడా చూడవచ్చు. 2013లో మెట్రోపోలిస్ నేలమట్టమై, చివరికి అతడు క్రిప్టాన్ నుంచి వచ్చిన ప్రతినాయకుడు జోడ్ మెడ విరుస్తాడు. 2025లో పెద్ద జంతువుతో పోరాడుతూనే ఒక ఉడుతను పక్కకు తప్పిస్తాడు. రెండింటి మధ్య, ఆ విధ్వంసం మీద పన్నెండేళ్లు నడిచిన వాదనకు ఆ ఉడుత ఒక సమాధానం. సంగీతం విషయంలో ఒక్కటి గమనిస్తే సరిపోతుంది: జాన్ విలియమ్స్ 1978లో కూర్చిన బాణీని ఎవరు వాడుకున్నారు, ఎవరు వదిలేశారు. 2006 నాటి ‘సూపర్‌మ్యాన్ రిటర్న్స్’ దానిని అలాగే తీసుకుంది, ఎందుకంటే అది క్రిస్టఫర్ రీవ్ సినిమాలకు కొనసాగింపుగా తీసినది. 2013లో హాన్స్ జిమ్మర్ దానిని పూర్తిగా పక్కన పెట్టారు.

దుస్తుల రంగును బట్టి తీర్పు చెప్పేముందు కూడా జాగ్రత్త అవసరం. జార్జ్ రీవ్స్ ధారావాహిక మొదటి రెండు సీజన్లు నలుపు తెలుపులో తీసినవి. కెమెరాలో తేడా బాగా తెలియడం కోసం అప్పటి దుస్తులు గోధుమ, బూడిద వన్నెలలో కుట్టించారు. నీలం, ఎరుపు రంగులు తరవాతి సీజన్లలోనే కనిపిస్తాయి. ఎర్ర లాగు విషయంలోనూ అంతే: కామిక్ 2011లో దానిని తీసేసింది, 2013 సినిమాలో అది లేదు, 2018లో కామిక్‌లోకి తిరిగి వచ్చింది, 2025 సినిమాలో ఉంది.

నిడివి వేరైనవాటిని నేరుగా పోల్చకూడదు. పదేళ్లలో 217 ఎపిసోడ్‌లు నడిచిన ‘స్మాల్‌విల్’లో లెక్స్‌తో స్నేహం వైరంగా మారడానికి ఏళ్లు పడుతుంది, రెండు గంటల సినిమాలో ఆ పరిణామాన్ని ఆశించడం తగదు. ధారావాహిక నుంచి ఒక్క ఎపిసోడ్‌ను, సినిమా నుంచి ఒక్క ఘట్టాన్ని తీసుకోవాలి. అన్నీ చూసే తీరిక లేనివారు ఫ్లైషర్ కార్టూన్ మొదటిది, 1952 ధారావాహిక తొలి ఎపిసోడ్, 1978 సినిమా, ‘లోయిస్ అండ్ క్లార్క్’ ప్రారంభ ఎపిసోడ్, ‘స్మాల్‌విల్’ నూరో ఎపిసోడ్, 2013, 2025 సినిమాలు ఈ వరుసలోనే చూస్తే పైన చెప్పినవాటిలో చాలా భాగాన్ని స్వయంగా పరీక్షించుకోవచ్చు.

రాయడానికి కూర్చున్నప్పుడు చూసిన ప్రతి చిత్రం ఏ కూర్పో తప్పక పేర్కొనాలి. 1980లో విడుదలైన ‘సూపర్‌మ్యాన్ 2’ రిచర్డ్ లెస్టర్ చేతిలో పూర్తయింది. అంతకుముందు డానర్ తీసిన భాగాలతో కూర్చిన రూపం 2006లో వచ్చింది. లోయిస్ నిజాన్ని కనిపెట్టే తీరు ఈ రెండింటిలో వేర్వేరుగా ఉంటుంది. 2017 నాటి ‘జస్టిస్ లీగ్’కూ 2021లో జాక్ స్నైడర్ పేరుతో వచ్చిన కూర్పుకూ మధ్య తేడా ఇంకా ఎక్కువ, రెండోదానిలో సూపర్‌మ్యాన్ నల్ల దుస్తులలో తిరిగి వస్తాడు. ఒకరు ఒక కూర్పును, మరొకరు వేరొక కూర్పును మనసులో పెట్టుకుని వాదించుకుంటే, ఇద్దరూ సరిగానే చూసి ఉన్నా మాట కలవదు.