పిండికట్టు విప్పాక తొలి అడుగుకు ముందు

చీలమండ ఎముక విరిగి, కీలు కూడా తప్పితే చాలాసార్లు ఆపరేషన్ చేసి ప్లేటు, స్క్రూలు వేస్తారు. కొన్ని వారాలకు ఎక్స్‌రే చూసి "ఎముక అతుక్కుంది" అనగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ తీరిపోతుంది. కట్టు విప్పిన రోజే నడిచెయ్యాలనిపిస్తుంది. దయచేసి ఆ తొందర వద్దు. ఎక్స్‌రే చూపించేది ఎముకను. టెండన్ దెబ్బ తిన్నదీ లేనిదీ అందులో తేలదు.

టెండన్ అంటే కండను ఎముకకు పట్టి ఉంచే గట్టి తాడు. చాలామంది దీన్ని నరం అంటారు గానీ, నరం వేరు. చీలమండ లోపలి గుబ్బ వెనక నుంచి వెళ్లే ఒక టెండన్ పాదం వంపును నిలబెడుతుంది. బయటి గుబ్బ వెనక ఉండే రెండు టెండన్లు పాదం లోపలికి మడతపడకుండా కాస్తాయి. కీలు తప్పేంత దెబ్బకు ఇవి చీలవచ్చు, తెగవచ్చు, గాడిలోంచి పక్కకు జారవచ్చు. అరుదుగా లోపలి టెండన్ ఎముకల మధ్య ఇరుక్కుంటుంది. అప్పుడు బయటి నుంచి ఎంత సరిచేసినా కీలు కూర్చోదు, ఆపరేషన్ చేసి ఆ టెండన్‌ను విడిపించాల్సిందే. మొదట్లో ఉండే వాపులో, నొప్పిలో టెండన్ దెబ్బ మరుగున పడిపోతుంది. కొందరిలో అది నడక మొదలయ్యాకే బయటపడుతుంది.

అందుకే అడుగు వేసే ముందే డాక్టర్‌ని అడగండి: టెండన్లు చూశారా? ఏదైనా కుట్టారా? కుట్టి ఉంటే పాదాన్ని ఎటు తిప్పకూడదు, ఎప్పటిదాకా? కాలు ఊరికే నేలకు ఆనించాలా, కొంత బరువు వెయ్యాలా, పూర్తిగానా? జవాబులు కాగితం మీద రాయించుకుని ఫిజియోథెరపిస్టుకు చూపించండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు "నొప్పి లేదు కదా" అని బరువు వెయ్యకూడదు. వాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు.

ఇంట్లో జారే కాళ్లపట్టాలు తీసేయండి, బాత్రూమ్ తడి లేకుండా చూడండి. చేతికర్రలతో మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. మాలిష్ పేరుతో ఎవరినీ పాదం లాగనివ్వకండి.

నడుస్తుంటే బయటి గుబ్బ వెనక ఏదో టక్కున జారినట్టున్నా, పాదం వంపు చదునైపోతున్నా, మడమ బయటికి ఒరిగిపోతున్నా వెంటనే చూపించుకోండి. పూర్తి బరువుకు అనుమతి వచ్చి, మునివేళ్ల మీద లేచే వ్యాయామాలు మొదలై చాలాకాలమైనా ఆ ఒక్క కాలి మీద మడమ లేవకపోతే అదీ చెప్పాల్సిన విషయమే. టెండన్లు చూడ్డానికి తీసే ఎంఆర్ఐ స్కాన్‌లో ప్లేట్ల లోహం వల్ల బొమ్మ చెదిరితే అల్ట్రాసౌండ్ పనికొస్తుంది.

కుట్ల దగ్గర చీము, జ్వరం ఉంటే ఆ రోజే వెళ్లండి. పిక్క వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అదీ ఆ రోజే చూపించాలి. ఆయాసం గానీ ఛాతీనొప్పి గానీ వస్తే అంబులెన్స్ పిలవండి.