విమానం మారే వేళ పాత దుబాయ్

అమెరికా నుంచి వస్తూ దుబాయ్‌లో ఏడెనిమిది గంటలు ఆగాల్సొస్తే, వీసా సంగతి ముందే చూసుకుని బయటపడండి. బుర్జ్ ఖలీఫా ఈసారికి వద్దు. టెర్మినల్ 3లో మెట్రో రెడ్ లైన్ ఎక్కి, యూనియన్‌లో గ్రీన్ లైన్‌కి మారి, అల్ రాస్‌లో దిగండి. మసాలా బజారు నడిచేంత దూరమే. మధ్యాహ్నం చాలా కొట్లు మూసేస్తారు, సాయంత్రమే మేలు.

అక్కడ ఎండు నల్ల నిమ్మకాయ ఒకటి చిదిమి వాసన చూడండి. పులుపూ, కాస్త పొగా కలిసిన ఆ ఘాటు అక్కడి మాంసం పులుసులకు ప్రాణం. నేనైతే కుంకుమపువ్వు వదిలేసి అదే కొంటాను, మన పప్పులోకీ భలే కుదురుతుంది.

తర్వాత అబ్రా అనే చెక్క పడవలో క్రీక్, అంటే ఊరి మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, దాటండి. 1 దిర్హమ్ చిల్లర ఉంచుకోండి. అవతల అల్ ఫహీదీ సందుల్లో గాలిగోపురాలున్న పాత ఇళ్లు చూడండి. ఏసీల్లేని కాలంలో అవే పైగాలిని గదుల్లోకి దించేవి. యాలకులేసి మరిగించిన కరక్ చాయ్ తాగి, విమానానికి మూడు గంటల ముందే తిరిగొచ్చేయండి.