క్లారినెట్ సోలోను యుఫోనియంపై పలికించదలచినవారికి

కోనసీమ, భీమవరం ప్రాంతాల బ్యాండు మేళాలలో యుఫోనియం (మంద్ర స్వరాల పెద్ద ఇత్తడి ఊదు వాద్యం) వాయించేవారు పాశ్చాత్య శాస్త్రీయ క్లారినెట్ సోలోను సాధన చేయదలిస్తే, స్వరాలన్నిటినీ తిరగరాసుకోవలసిన పని చాలావరకు ఉండదు. ట్రంపెట్ వారివలె, పై స్వరాలకు వాడే స్వరలిపి గుర్తైన ట్రెబుల్ క్లెఫ్‌లో చదివే అలవాటున్నవారు బి-ఫ్లాట్ శ్రుతి క్లారినెట్‌కు రాసిన స్వరాల కాగితాన్ని ఉన్నదున్నట్టు వాయిస్తే, అది సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతుంది. మొజార్ట్ 1791లో రచించిన క్లారినెట్ కన్చెర్టోను (వాద్యబృందంతో కలిసి వాయించే సోలో కృతి) నేడు సాధారణంగా అరస్వరం తక్కువ శ్రుతి గల ఎ-క్లారినెట్‌పై వాయిస్తారు కనుక, ఆ కాగితాన్ని అలాగే చదివితే శ్రుతి అరస్వరం హెచ్చుతుంది. తోడు వాయించే కీబోర్డులో ట్రాన్స్‌పోజ్‌ను (శ్రుతి మార్చే మీటను) ఒక మెట్టు, అంటే అరస్వరం, పెంచితే సరిపోతుంది.

అసలు శ్రమంతా అంచుల దగ్గరే, అంటే అట్టడుగు, ఎగువ స్వరాల దగ్గరే. మూడు వాల్వుల (స్వరం మార్చే మీటల) యుఫోనియంలో క్లారినెట్ అట్టడుగు ఇ, ఎఫ్ స్వరాలు దొరకవు. ఎగువ స్వరాలు పెదవిని త్వరగా అలసిపోయేలా చేస్తాయి. అటువంటి చోట్ల ఒక్క స్వరాన్ని కాక, ఊపిరి తీసుకునే చోటి నుంచి మరో ఊపిరి వరకు ఉన్న వాక్యాన్నంతటినీ స్థాయి మార్చి రాసుకోవాలి. ఇత్తడి వాద్యానికి గాలి ఎక్కువ కావాలి కనుక, విరామం లేని పరుగుల్లో తాళపు దెబ్బపై పడని స్వరాన్నొకదానిని వదిలి ఊపిరి తీసుకోవడం, వేగం పెంచడం కన్నా నయమని నా అభిప్రాయం.