సిగార్ పెట్టెతో మూడు తీగల గిటార్ ఎలా చేసుకోవాలి?

పేరు పెట్టెది, పని మాత్రం కర్రది. సిగార్ పెట్టె గిటార్ చేయాలన్న సరదా పుట్టినవాళ్ళు చాలామంది అందమైన పెట్టె కోసం వారాల తరబడి వెతికి, కర్ర దగ్గరకు వచ్చేసరికి చేతికందిన బద్దతో సరిపెట్టేస్తారు. పెట్టె ఎలాంటిదైనా ఏదో ఒక శబ్దం పలుకుతుంది. కర్ర వంకరగా ఉంటేనో, కొలత తప్పితేనో స్వరం స్వరంలా ఉండదు. అందుకే ఇక్కడ కొలతల గురించి ఎక్కువ చెబుతాను. అలంకారం మీ ఇష్టం.

ఇది అమెరికాలో డబ్బు లేని ఇళ్ళలో పుట్టిన వాద్యం. 1840ల తర్వాత అక్కడ సిగార్లను చిన్న చిన్న చెక్కపెట్టెల్లో పెట్టి అమ్మడం మొదలైంది. ఖాళీ పెట్టెలు ఇంటింటా మిగిలిపోయేవి. పల్చటి చెక్క, వేలితో తడితే పలుకుతుంది. దానికో కర్ర దూర్చి, దొరికిన తీగ బిగిస్తే వాద్యం తయారు. అమెరికా అంతర్యుద్ధ సైనికుల శిబిరంలో ఒకతను సిగార్ పెట్టె ఫిడేలు వాయిస్తున్నట్టు ఎడ్విన్ ఫోర్బ్స్ గీసిన ఎచింగ్ (లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే బొమ్మ) 1876 నాటిది. బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా స్థాపకుల్లో ఒకరైన డేనియల్ కార్టర్ బేర్డ్, పిల్లలు ఇంట్లో చేసుకునేందుకు సిగార్ పెట్టె బాంజో నమూనాను అచ్చు వేయించారు. నల్లజాతి అమెరికన్ల బ్లూస్ సంగీతంలో దిగ్గజం లైట్నిన్ హాప్కిన్స్ టెక్సాస్‌లో చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు మొదట వాయించింది కూడా సొంతంగా చేసుకున్న సిగార్ పెట్టె గిటారే అంటారు.

ఏమేం కావాలి

పెట్టె: పొడవు సుమారు 9 అంగుళాలు, వెడల్పు 6, లోతు ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు. అమెరికాలో ఉండే మనవాళ్ళకు ఇదో సమస్యే కాదు, సిగార్ దుకాణాల్లో ఖాళీ పెట్టెలు కొద్ది డాలర్లకే ఇస్తారు. ఇక్కడ మన చుట్టలు కట్టలుగా వస్తాయి కానీ పెట్టెల్లో రావు కదా. పెళ్ళిళ్ళప్పుడు డ్రైఫ్రూట్లు పెట్టి పంచే చెక్కపెట్టె హాయిగా సరిపోతుంది. మూత 3, 4 మిల్లీమీటర్ల మందంలో ఉండాలి. అంతకంటే మందమైతే శబ్దం మూసుకుపోతుంది. కొనేముందు మూత మీద వేలితో కొట్టి చూడండి. టక్‌మని ఆగిపోతే వదిలేయండి, కాస్త మోగితే తీసుకోండి.

కర్ర: 19 మి.మీ. మందం, 38 మి.మీ. వెడల్పు, మూడు అడుగుల పొడవు. కలప అడితిలో బాగా ఆరిన టేకు రీపరు అడగండి. బొబ్బిలి వీణలు చెక్కే పనస కూడా బాగానే ఉంటుంది. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క మాత్రం వద్దు, తీగల లాగుడికి కొన్నాళ్ళకు వంగుతుంది. రీపరును కంటి ఎత్తుకు పట్టుకుని ఒక కొస నుంచి రెండో కొసకు అంచు వెంబడి చూడండి. వంపు కనిపిస్తే మరోటి తీయమనండి. అడితివాడు విసుక్కున్నా ఫరవాలేదు. రేఖలు పొడవునా తిన్నగా పారాలి, మధ్యలో ముడి ఉండకూడదు.

బిరడాలు: గిటార్ ట్యూనింగ్ కీలు ఆరింటి సెట్టుగా వస్తాయి, ఎడమకు మూడు, కుడికి మూడు. ఒక గిటార్‌కు ఒకవైపువి రెండు, రెండోవైపుది ఒకటి వాడితే మిగిలిన మూడూ ఇంకో గిటార్‌కు పనికొస్తాయి. ఈ పని మొదలుపెట్టినవాళ్ళు ఒకదానితో ఆగరు కాబట్టి వృథా ఏమీ కాదు.

తీగలు: 12 నంబరు అకౌస్టిక్ గిటార్ సెట్టు ఒకటి. అందులో ఐదో తీగ, నాలుగో తీగ, మూడో తీగ మాత్రమే మనకు కావాలి.

ఇవి కాక 6 మి.మీ. బోల్టు ఒకటి, 8 మి.మీ. బోల్టు ఒకటి, ఫెవికాల్, రంపం, ఉలి, ఆకురాయి, డ్రిల్లు, సాండ్‌పేపరు, మూలమట్టం, స్టీలు స్కేలు. స్కేలు మీటరుదైతే మంచిది. గుడ్డ టేపుతో ఈ కొలతలు తీయకండి.

కర్ర మీద గుర్తులు

ఈ గిటార్‌లో తీగ పలికే పొడవు 25 అంగుళాలు, అంటే 635 మి.మీ. తల దగ్గరి బోల్టుకీ, పెట్టె మీద తీగలను ఎత్తి పట్టే బ్రిడ్జి బోల్టుకీ మధ్య దూరం అది. మిగతా కొలతలన్నీ దీన్నుంచే వస్తాయి.

కర్ర పై కొస నుంచి 5 అంగుళాల దగ్గర అడ్డంగా ఒక గీత గీయండి. తల దగ్గరి బోల్టు అక్కడ కూర్చుంటుంది. ఆ గీత నుంచి 25 అంగుళాలు కొలిస్తే, అంటే పై కొస నుంచి 30 దగ్గర, బ్రిడ్జి గీత. పెట్టె 24వ అంగుళం దగ్గర మొదలై 33 దగ్గర ముగుస్తుంది. దాని తర్వాత ఒక అంగుళం తోక వదిలి మిగిలింది కోసేయండి. ఇలా అయితే బ్రిడ్జి మూతకు నట్టనడుమ కాకుండా తోకవైపు మూడో వంతులో పడుతుంది. మీ పెట్టె పొడవు వేరైతే పెట్టె గీతలు జరపండి, 635 మాత్రం కదపకండి.

తల భాగం మందం తగ్గించాలి. పై ముఖం నుంచి 6 మి.మీ. తీసేస్తే 13 మి.మీ. మిగులుతుంది. ఇలా చేస్తే బిరడాలు బోల్టు కంటే కిందికి దిగి, తీగలు బోల్టు మీద నొక్కుకుని కూర్చుంటాయి. ఇది మానేస్తే ఖాళీ తీగ (మెడ మీద ఏదీ ఆనించని తీగ) మీటినప్పుడల్లా జిర్రుమంటుంది. రంపంతో అడ్డంగా చిన్న చిన్న గాట్లు పెట్టి, ఉలితో చెక్కి, ఆకురాయి పట్టండి. బిరడాల రంధ్రాలకు ముందు మీరు కొన్న బిరడా గొట్టం వ్యాసం కొలవండి, రకాన్ని బట్టి అది మారుతుంది. రెండు ఒకవైపు, ఒకటి ఎదురువైపు, ఎదురెదురుగా కాకుండా కాస్త ముందూ వెనకా ఉండేలా.

మెడ వెనకభాగం చేతికి ఒరుసుకోకుండా అంచులు గుండ్రం చేయండి. నునుపు వచ్చేదాకా సాండ్‌పేపరు పట్టడమే, అందులో కిటుకేమీ లేదు.

పెట్టెలోకి కర్ర

పెట్టెకు పొట్టి గోడలు రెండుంటాయి. రెండింటి మధ్యలో పై అంచు నుంచి 38 మి.మీ. వెడల్పు, 19 మి.మీ. లోతు గాడి కోయాలి. గుర్తు కంటే ఒక్క వెంట్రుకవాసి తక్కువ కోసి, ఆకురాయితో రుద్దుతూ కర్రను దూర్చి చూస్తుండండి. బిగుతుగా దిగాలి. కర్ర పై ముఖం గోడల పై అంచుతో సమంగా వస్తే మూత దాని మీద చక్కగా మూసుకుంటుంది.

కర్ర మూతకు పొడవునా ఆనుకుంటే మూత కదలదు, కదలకపోతే మోగదు. కాబట్టి పెట్టె లోపల ఉండే కర్ర భాగంలో, గోడల పక్కన చెరో అంగుళం వదిలి, మధ్యలో పై నుంచి 3 మి.మీ. చెక్కేయండి. మూతకూ కర్రకూ మధ్య సందు ఏర్పడుతుంది. మొదటిసారి చేసేవాళ్ళు ఎక్కువగా మరిచేది ఈ పనే. తర్వాత పెట్టె బాగోలేదని నింద వేస్తారు.

మూతకు శబ్దరంధ్రాలు రెండు చాలు, మెడవైపు రెండు మూలల్లో, 20 నుంచి 25 మి.మీ. వ్యాసంతో. మధ్యలో పెడితే కింద కర్రే కనిపిస్తుంది. సిగార్ పెట్టెలకు అంటించిన రంగు కాగితం డ్రిల్లు పడగానే చిరుగుతుంది. రంధ్రం వేసే చోట ముందు సెల్లోటేపు అంటించి, మూత కింద చెక్కముక్క ఆనించి, మెల్లగా వేయండి.

గాడుల్లో ఫెవికాల్ రాసి కర్రను కూర్చోబెట్టి, తాడుతో బిగించి ఒక రాత్రి వదిలేయండి. మూతను అప్పుడే అంటించకండి. లోపల వైరింగు పెట్టాలని రేపు అనిపించవచ్చు. నాలుగు చిన్న స్క్రూలు చాలు.

తీగలు ఎక్కించడం

తోక భాగంలో పై నుంచి కిందికి మూడు చిన్న రంధ్రాలు వేయండి. తీగ చివర ఉండే గుండ్రటి ఇత్తడి పూస కింద ఆగుతుంది, తీగ పైకి వస్తుంది. పూస చెక్కలోకి దిగబడకుండా కింద చిన్న వాషర్లు పెట్టండి. తీగలు పెట్టె అంచును ఒరుసుకుని చెక్కను కోసేస్తాయి కాబట్టి అక్కడో ఇత్తడి రేకు ముక్క అంటించండి.

తల దగ్గరి గీత మీద 2 మి.మీ. లోతు గాడి తీసి 6 మి.మీ. బోల్టు ముక్కను అందులో పడుకోబెట్టండి. 8 మి.మీ. బోల్టు బ్రిడ్జి. దాన్ని అంటించకూడదు, తీగల బరువే పట్టి ఉంచుతుంది. బోల్టు మరల సందుల్లో తీగలు వాటంతట అవే కుదురుకుంటాయి. తీగకూ తీగకూ మధ్య తల దగ్గర 10 మి.మీ., బ్రిడ్జి దగ్గర 13 మి.మీ. ఉంటే చేతికి బాగుంటుంది.

ఇప్పుడు శ్రుతి. లావు తీగ జి, మధ్యది డి, సన్నది పై జి. గిటార్‌లో ఐదో తీగ మామూలుగా ఎ కాబట్టి దాన్ని రెండు స్వరస్థానాలు దించుతున్నాం, మిగతా రెండూ వాటి మామూలు శ్రుతిలోనే ఉంటాయి. ఫోనులో ట్యూనర్ యాప్ ఉంటే చాలు. మన లెక్కలో ఇది స, ప, పై స. హార్మోనియం వాళ్ళ ఐదు శ్రుతి. తంబూరా విన్న చెవికి ఈ మూడు తీగలు కలిపి మీటగానే పరిచయమైన నాదం వినిపిస్తుంది. ఈ వాద్యం నేర్చుకోవడం తేలికయ్యేది కూడా ఇందువల్లే. మూడు తీగల మీదా ఒకే చోట అడ్డంగా ఏది ఆనించినా అపస్వరం రాదు.

కొత్త తీగలు సాగుతాయి, రెండు మూడు రోజులు పదేపదే శ్రుతి చేయాల్సి వస్తుంది. ఆ తర్వాత బ్రిడ్జిని సరిచూడండి. తీగ సరిగ్గా సగం దగ్గర, 317.5 మి.మీ. మీద, వేలు తేలిగ్గా ఆనించి మీటి వెంటనే తీస్తే గంటలాంటి స్వరం వస్తుంది. అదే చోట స్లైడు, అంటే తీగల మీద జార్చే గొట్టం, పెట్టి మీటిన స్వరం దానికంటే హెచ్చుగా ఉంటే బ్రిడ్జిని తోకవైపు కొద్దిగా జరపండి, తగ్గుగా ఉంటే మెడవైపు.

మెట్లు

మొదటి గిటార్‌కు లోహపు మెట్లు వద్దనే నా సలహా. మెట్ల తీగ కొట్టడం, సమానంగా అరగదీయడం వేరే విద్య. మెడ మీద పెన్సిల్‌తో గీతలు గీసి, మార్కరుతో దిద్ది, స్లైడుతో వాయించండి. తల దగ్గరి బోల్టు నుంచి దూరాలు మిల్లీమీటర్లలో వరసగా ఇవి: 35.6, 69.3, 101, 131, 159.3, 186, 211.2, 235, 257.4, 278.6, 298.6, 317.5. పన్నెండు స్వరస్థానాలు, పన్నెండు గీతలు. ప్రతి దూరాన్నీ బోల్టు నుంచే కొలవండి. ఒక గీత నుంచి తర్వాతి గీతకు కొలుస్తూ పోతే చిన్న తప్పులన్నీ పోగుపడి పన్నెండో గీత దగ్గర బయటపడతాయి. తీగ పొడవు వేరుగా పెట్టుకున్నవాళ్ళు మొత్తం పొడవును 17.817తో భాగిస్తే మొదటి గీత వస్తుంది. మిగిలిన పొడవును మళ్ళీ అదే సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని మొదటి దూరానికి కలిపితే రెండోది. అలా పన్నెండు దాకా.

వాయించడం

స్లైడుకు 20 మి.మీ. స్టీలు పైపు ముక్క రెండున్నర అంగుళాలు కోయించి, అంచులు బాగా నూరుకోండి. సాకెట్ స్పానర్ల సెట్టులో పొడవాటి సాకెట్ ఉంటే అదీ సరిపోతుంది. పాత బ్లూస్ వాళ్ళు సీసా మెడ వాడేవారు, ఇంట్లో గాజు కోసే సాహసం మాత్రం చేయకండి. చిటికెన వేలికో ఉంగరపు వేలికో తొడుక్కుని, తీగల మీద ఆనించాలే తప్ప నొక్కకూడదు. గీతకు సరిగ్గా పైన ఉండాలి, మామూలు గిటార్‌లోలా గీతకు వెనక కాదు. మిగిలిన వేళ్ళు స్లైడు వెనక తీగలను తాకుతూ ఉంటే గరగర తగ్గుతుంది. గొట్టువాద్యం వాయించేవాళ్ళను చూసినవాళ్ళకు ఈ జారుడు కొత్త కాదు.

ముందు బ్లూస్ పన్నెండు బార్ల వరస పట్టండి. ఒక్కో బారుకు నాలుగు దెబ్బలు. ఖాళీ తీగలు నాలుగు బార్లు, ఐదో గీత రెండు, ఖాళీ రెండు, ఏడో గీత ఒకటి, ఐదో గీత ఒకటి, ఖాళీ రెండు. మళ్ళీ మొదటికి. ఇది చేతికి వస్తే ఎన్నో బ్లూస్ పాటలకు పక్కవాద్యం వాయించగలరు.

తర్వాత సన్న తీగ మీద రాగం. ఖాళీ, 3, 5, 7, 10, 12 వాయించండి. బ్లూస్ వాళ్ళు మైనర్ పెంటటానిక్ అనే ఈ స్వరాలు మన శుద్ధ ధన్యాసివి. ఖాళీ, 2, 4, 7, 9, 12 అయితే మోహనం. కింది రెండు తీగలను బొటనవేలితో మధ్యమధ్య మీటుతుంటే శ్రుతి కూడా మీ చేతిలోనే ఉంటుంది. గమకం స్లైడుతో బాగా పలుకుతుంది, కానీ చేయి ఆగాల్సిన చోట ఆగడం నేర్చుకోవడానికి టైము పడుతుంది. మొదట్లో నెమ్మదిగా, ట్యూనర్ ఆన్‌లో పెట్టుకుని వాయించండి.

పెద్ద శబ్దం కావాలంటే

ఎలక్ట్రానిక్స్ దుకాణంలో 27 మి.మీ. పీజో డిస్కు (మూత కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే బిళ్ళ), యాంప్లిఫయర్ (యాంప్) వైరు గుచ్చడానికి 6.35 మి.మీ. జాకు అడగండి. హైదరాబాద్ వాళ్ళకైతే కోఠీ గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. డిస్కు మధ్యలోని తెల్లటి భాగం నుంచి వచ్చే తీగను జాకు టిప్‌కు, చుట్టూ ఉన్న ఇత్తడి నుంచి వచ్చేదాన్ని స్లీవ్‌కు టంకం వేయండి. బ్రిడ్జి కిందుగా, మూత లోపలివైపు డిస్కును అంటించండి. జాకు పక్క గోడలో రంధ్రం వేసి బిగించాలి. యాంప్‌కు పెట్టగానే కూత వేస్తే డిస్కును బ్రిడ్జి నుంచి ఒక అంగుళం పక్కకు జరిపి చూడండి. అప్పటికీ ఆగకపోతే దాని మీద హాట్ గ్లూ మందంగా పోయండి. యాంప్‌కు ఎదురుగా కూర్చోకుండా పక్కకు తిరిగితే సగం కూత అక్కడే ఆగిపోతుంది.