కారవాన్‌లో చల్లదనం – 3వ పాఠం: ఉక్కపోతకు సరిపడే ఏసీ

కిందటి పాఠంలో పదహారు అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు ఉన్న ట్రైలర్‌కు గోడల్లో థర్మాకోల్ వేసి, ఎండ వేడి ఎంత లోపలికి వస్తుందో లెక్కగట్టాం. ముప్పాతిక టన్ను చాలని తేలింది. ఇప్పుడు ఏ మెషిన్ కొనాలో చూద్దాం.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. "ఎందుకైనా మంచిదండీ" అని షాపులో అంటే ఒకటిన్నర టన్నుది పెట్టించాను. మే నెలలో అంతర్వేది దగ్గర ఆగిన రాత్రి, ఐదు నిమిషాల్లో గది చల్లబడి కంప్రెసర్ ఆగిపోయేది. చల్లగానే ఉంది, కానీ దుప్పటీ చెమ్మే, తలగడా చెమ్మే. తేమ పోవాలంటే చల్లటి కాయిల్ మీదుగా గాలి చాలాసేపు తిరగాలి. పెద్ద ఏసీ అంతసేపు నడవదు.

ఒక లీటరు తేమను నీరుగా మార్చడానికి దాదాపు 680 వాట్-అవర్ల చల్లదనం ఖర్చవుతుంది. ముప్పాతిక టన్ను అంటే సుమారు 2,640 వాట్ల చల్లదనం. పైపులోంచి గంటకు లీటరు నీళ్లు కారితే పావు వంతు శక్తి దానికే పోయినట్టు. కోనసీమలో నిద్ర పట్టించేది ఆ పావు వంతే. అందుకే సరైన సైజులో, నిదానంగా ఎక్కువసేపు నడిచే ఇన్వర్టర్ ఏసీయే తీసుకోండి.

ఇక పొదుపు. చల్లదనం వాట్లను కరెంటు వాట్లతో భాగించండి. ఒక ఏసీ 750 వాట్ల కరెంటు, ఇంకొకటి 950 వాట్లు తీసుకుంటాయనుకోండి. 2,640ని 750తో భాగిస్తే 3.5, అదే 950తో అయితే 2.8. పూర్తి వేగంతో ఎనిమిది గంటలు నడిస్తే తేడా 1.6 యూనిట్లు. 12 వోల్టుల, 200 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేదే 2.4 యూనిట్లు! స్టార్లు మెషిన్లను పోల్చుకోవడానికి పనికొస్తాయి, బ్యాటరీ లెక్కకు మాత్రం వాట్లే చూడాలి.

ఉప్పుగాలికి పూత ఉన్న రాగి కాయిల్ అడగండి. నీడ బాగుందని కొబ్బరిచెట్టు కింద బండి ఆపకండి, కాయ పడితే పైకప్పు ఏసీ రెక్కలు వంగిపోతాయి.

వచ్చే పాఠానికి హోంవర్క్: మూడు ఏసీల లేబుళ్లు చూసి ఈ భాగహారం చేయండి. మీ ఇంటి ఏసీ నీళ్ల పైపు కింద గంటసేపు బకెట్ పెట్టి, ఎన్ని నీళ్లు వచ్చాయో కొలిచి రాసుకోండి. ఆ అంకెలతోనే జనరేటర్ సైజు మొదలుపెడదాం.