ఏరో కథను పిల్లలకు చూపించే పద్ధతి

వేసవి సెలవుల్లో ఊరి గ్రంథాలయంలోనో బడి వరండాలోనో పదేళ్లు దాటిన పిల్లలకు చూపించదగిన యుద్ధకాలపు చిత్రాల్లో, ఫిన్లాండ్ దర్శకుడు క్లౌస్ హారో 2005లో తీసిన ‘మదర్ ఆఫ్ మైన్’కు నేను మొదటి స్థానం ఇస్తాను. తండ్రి రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోగా, తల్లి తన కొడుకు ఏరోను స్వీడన్‌లోని ఒక రైతు కుటుంబానికి పంపిస్తుంది. ఆ ఇంటి ఇల్లాలు సిగ్నె అప్పటికే కూతురిని పోగొట్టుకొని ఉంది.

ముందుగా కొంత చరిత్ర చెప్పాలి. 1939 నవంబరు 30న సోవియట్ సైన్యం ఫిన్లాండ్‌పై దాడి చేసింది. ఆ యుద్ధ సంవత్సరాల్లో దాదాపు 70,000 మంది పిల్లలను, మెడలో పేరు రాసిన చీటీ కట్టి, ఎక్కువగా స్వీడన్‌కు తరలించారు. వారిలో వేలమంది అక్కడే ఉండిపోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాన్ బాంబులు పడిన సంగతి, ఆ నెలలోనే మద్రాసు జనం భయపడి ఊళ్లకు తరలిపోయిన సంగతి కూడా చెప్పండి. ఆ రోజుల ముచ్చట్లు తమ పెద్దల నోట విన్నవారు నెల్లూరులోనో ఒంగోలులోనో మీకు తెలిసి ఉంటే, వారిచేతనే చెప్పించడం మేలు.

నలుపు తెలుపులో కనిపిస్తే పాత కథ అనుకోవడం మన పిల్లలకు అలవాటు. ఇక్కడ ముసలివాడైన ఏరో వర్తమానమే నలుపు తెలుపులో, బాల్యం రంగుల్లో ఉంటుంది కనుక ఈ మాట ముందే చెప్పకపోతే తికమక పడతారు.

సంభాషణలను ఎవరైనా పక్కన కూర్చొని తెలుగులో చెప్పాలి. అయితే ఏరో కొత్త ఇంట్లో అడుగుపెట్టిన తొలి సన్నివేశాల్లో, స్వీడిష్ మాటలను మాత్రం చెప్పకుండా వదిలేయండి. అవి అతనికీ అర్థం కావు. చుట్టూ అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని తెలిసి, ఏమంటున్నారో తెలియని ఆ బిడ్డ దిగులు పిల్లలకు ఎవరూ వివరించకుండానే అందుతుంది. ఈ ఒక్క జాగ్రత్త పాటిస్తే మిగిలిన కథను వారు తామే పట్టుకుంటారు.

మన జిల్లాలో తల్లి కువైట్‌లో ఉండగా అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు ఉన్నారు. అలాంటి బిడ్డ ఉంటే ఇంటి పెద్దలకు కథ ముందే చెప్పి, వారినీ పిలిచి పక్కన కూర్చోబెట్టండి. అందరి ముందూ ఆ బిడ్డను ప్రశ్నించవద్దు.

చిత్రం అయ్యాక ఇద్దరమ్మల్లో ఎవరు మంచివారని అడగడం పొరపాటు. పెద్దలు రాసుకున్న ఉత్తరాల్లో ఏముందో ఏరోకు ఎప్పుడు తెలిసింది, అంతకుముందే తెలిసి ఉంటే తల్లిపై కోపం అన్నేళ్లు నిలిచేదా అని అడిగి, వారు చెప్పేది ఓపికగా వినండి.